పిల్లలకు వేయించాం, మరి మనకు?

మనం ధనుర్వాతం అంటాం. మరాఠీవారు ధనుర్వాత్ అంటారు. కన్నడంలో ధనుర్వాయు, ఒడియాలో ధనుష్టంకార, తమిళంలో రణజన్ని. జబ్బు ముదిరితే వెన్ను విల్లులా వంగిపోతుంది కాబట్టి నాలుగు భాషల్లో ధనుస్సు చేరింది. తమిళంలో రణమంటే యుద్ధం కాదు, గాయం. జబ్బు లోపలికి వచ్చే దారి అదే. బడి నుంచి వచ్చే టీకా చీటీ ఏ భాషలో ఉన్నా ఈ మాటను గుర్తుపట్టండి.

పిల్లలకు 10 ఏళ్ల వయసులో, మళ్లీ 16 ఏళ్ల వయసులో వేసే టీడీ టీకా ధనుర్వాతాన్ని, కంఠసర్పిని అడ్డుకుంటుంది. పాత టీటీకి బదులు ఇప్పుడు ఇదే వేస్తున్నారు. దీని రక్షణ జీవితాంతం ఉండదు. పెద్దలు కూడా పదేళ్లకోసారి వేయించుకోవాలి. తల్లులకు గర్భిణిగా ఉన్నప్పుడు వేస్తారు. నాన్నలకు, తాతయ్యలకు గుర్తుచేసేవారే ఉండరు. ఎప్పుడూ వేయించుకోనివారికి మూడు డోసులు కావాలి. మొదటిది వేసిన నాలుగు వారాలకు రెండోది, ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మూడోది.

తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందనుకోవడం పొరపాటు. దాని సూక్ష్మజీవులు మట్టిలో, పేడలో ఉంటాయి. ముల్లు గుచ్చుకున్నా, పార తగిలినా, చర్మం కాలినా రావచ్చు. గాయమైతే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో కడగండి. పేడ, బూడిద, మట్టి పెట్టకండి. డాక్టరు తప్పక అడిగేది, చివరి టీకా ఎప్పుడు వేయించుకున్నారని. శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్లు, మట్టి అంటినదైతే ఐదేళ్లు దాటితే మళ్లీ వేస్తారు. మూడు డోసులు పూర్తికానివారికి మురికి గాయమైతే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా అవసరం.

లక్షణాలు సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో మొదలవుతాయి. అప్పటికి గాయం మానిపోయి ఉండవచ్చు. ముందు దవడ బిగుసుకుంటుంది. నోరు తెరవడం, మింగడం కష్టమవుతుంది. తర్వాత మెడ, పొట్ట గట్టిపడతాయి. చిన్న చప్పుడుకు, వెలుతురుకు కూడా ఒళ్లంతా బిగుసుకుపోతుంది. స్పృహ మాత్రం ఉంటుంది. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. లక్షణాలు చూసే నిర్ధారిస్తారు. అందుకే మానిన గాయం గురించి కూడా డాక్టరుకు చెప్పాలి.

దవడ బిగిస్తే ఇంట్లో ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్లాలి. గాయాన్ని శుభ్రం చేసి, ఇమ్యునోగ్లోబులిన్, యాంటీబయాటిక్, కండరాలు సడలించే మందులు ఇస్తారు. ఊపిరి ఆడకపోతే వెంటిలేటర్ పెడతారు. అయితే నరాలకు అప్పటికే పట్టిన విషాన్ని ఏ మందూ విడిపించలేదు. కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ రాదన్న భరోసా లేదు. వారూ టీకా వేయించుకోవాల్సిందే.

ఉపాధ్యాయులు వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఒక్క ప్రశ్న అడగండి: 'మీరు చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారు?' గుర్తులేనివారు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కనుక్కోవాలి. వేయించుకున్న తేదీని పిల్లల టీకా కార్డు వెనకే రాసిపెట్టుకుంటే, గాయమైన రోజున వెతుక్కునే పని ఉండదు.