నడకను కొలుచుట

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున రెండు రాజమార్గములు బయలుదేరుచున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూరునకును, రెండవది శామీర్‌పేట మీదుగా కరీంనగరునకును పోవును. పూర్వము ఈ ప్రాంతము చేలు, చెరువులు గల పల్లెసీమ. నేడు శామీర్‌పేటకు ఆవల తుర్కపల్లి వద్ద మందులను, టీకాలను తయారుచేయు పరిశ్రమలు వెలసినవి. మేడ్చల్ సమీపమున ఘనపూరులో మెడిసిటీ వైద్యకళాశాలయు, దాని ఆసుపత్రియు కలవు. 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఈ ఊళ్ళన్నియు చేరియున్నవి.

మేడ్చల్ పల్లెలలోని వృద్ధులను గూర్చి ఒక ముఖ్యమైన అధ్యయనము జరిగినది. షేర్ ఇండియా అను పరిశోధన సంస్థ అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలిసి, 2010 తరువాతి సంవత్సరములలో దీనిని నడపెను. 60 ఏండ్లు నిండిన స్త్రీపురుషులను 500 మందికి పైగా పరీక్షించిరి. ఈ అధ్యయనమునకు మైల్స్ అని పేరు. వృద్ధులు ఎంతవరకు కదలగలుగుచున్నారు, ఎంతవరకు పరులపై ఆధారపడక జీవించుచున్నారు అను విషయమును తెలిసికొనుటయే దీని ఉద్దేశము. అందుచే వారి నడక వేగమును కూడ కొలిచిరి.

జ్వరమును కొలుచుట అందరు నెరుగుదురు. నడకను కొలువవలసిన పనియేమి? నడక చూచుటకు సులభముగా తోచును గాని, దానివెనుక శరీరమంతయు పనిచేయుచుండును. గుండె రక్తమును పంపవలెను. ఊపిరితిత్తులు ప్రాణవాయువును అందింపవలెను. కన్ను దారి చూపవలెను. లోపలి చెవి శరీరము ఒరుగకుండ కాపాడవలెను. మెదడు, నరములు, కండరములు, కీళ్ళు ఏకీభవించి మెలగవలెను. వీనిలో ఏ ఒక్కటి క్షీణించినను నడక మందగించును. 2011లో శాస్త్రజ్ఞులు 34,485 మంది వృద్ధుల వివరములను కలిపి పరిశీలించి, వేగముగా నడువగలవారు సాధారణముగా ఎక్కువ కాలము జీవించుచున్నారని కనుగొనిరి. కావున నాడి, రక్తపోటు వలెనే నడక వేగము కూడ ఆరోగ్యమునకు ఒక గుర్తని వైద్యులు భావించుచున్నారు.

దీనిని కొలుచు పాత పద్ధతి మిక్కిలి సరళమైనది. నేలపై 4 మీటర్ల దూరమునకు గీతలు గీసి, రోగిని తన అలవాటు చొప్పున నడువుమని చెప్పి, గడియారముతో కాలము చూతురు. 5 సెకనులు పట్టినచో వేగము సెకనుకు 0.8 మీటరు. మరియొక పరీక్ష 1991లో ప్రకటింపబడినది. కుర్చీ నుండి లేచి, 3 మీటర్లు నడచి, వెనుదిరిగి వచ్చి మరల కూర్చుండుటకు ఎంత కాలము పట్టునో అందులో చూతురు.

ఈ పరీక్షలు మంచివే గాని వీనికొక లోపము కలదు. తనిఖీ అధికారి వచ్చిన గంటలో తరగతి ఎంత క్రమశిక్షణతో ఉండునో అందరకు తెలిసినదే. మిగిలిన దినములలో అది ఎట్లున్నదో ఆ గంటను బట్టి చెప్పలేము. అట్లే వైద్యుని ఎదుట రోగి తన శక్తినంతయు కూడదీసికొని నడచును. వైద్యుడు వెళ్ళిన తరువాత అతడు లేచెనా, పడుకొనియే యుండెనా?

ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒక వృద్ధుడు ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో చేరెననుకొందము. మందులు పనిచేసి జబ్బు నయమగును. కాని పది దినములు మంచము దిగకపోవుటచే కాళ్ళలో సత్తువ నశించును. తన కాళ్ళపై నడచి వచ్చినవానిని ఇద్దరు పట్టుకొని ఇంటికి తీసికొని పోవలసివచ్చును. 2007లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఆరోగ్యవంతులైన వృద్ధులే పది దినములు మంచముపై ఉండగా, వారి కాళ్ళలో కొవ్వు గాక యున్న కండ మొదలగు భాగము సుమారు ఒక కిలోగ్రాము తగ్గినది. ఆరోగ్యవంతుల గతియే ఇట్లుండగా రోగుల సంగతి వేరుగా చెప్పనేల?

రోగి పగలు రేయి ఎంత కదలుచున్నాడో కనిపెట్టుచు ఎవరును ప్రక్కన నిలుచుండలేరు. ఆ పనిని శరీరమునకు ధరించు సెన్సరులు చేయును. ఈ ఆలోచన క్రొత్తది కాదు. ఎటియెన్ జూల్స్ మారే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1873లో ప్రకటించిన గ్రంథమున, అడుగున గాలి గది గల పాదరక్షలను వర్ణించెను. పాదము నేలను తాకినపుడెల్ల గాలి ఒత్తిడి ఒక గొట్టము ద్వారా పోయి, చేతిలోని యంత్రముపై గీత గీయుచుండెను. నేడు ఆ యంత్రమంతయు అగ్గిపెట్టె కంటె చిన్నదైనది.

దానిలోని ముఖ్యభాగము త్వరణమాపకము. అది పనిచేయు విధమును బస్సులో చూడవచ్చును. నిలిచియున్న బస్సు ఒక్కసారిగా కదలినచో నిలబడినవారు వెనుకకు తూలుదురు. ఆగినచో ముందుకు తూలుదురు. సెన్సరులో కంటికి కానరాని సన్నని సిలికాను పలుక ఒకటి, సిలికాను స్ప్రింగుల ఆధారమున నిలిచియుండును. శరీరము కదలినపుడు ఆ పలుక బస్సులోని ప్రయాణికుని వలె కొంచెము తూలును. ఆ తూలుటను విద్యుత్తు కొలిచి సంఖ్యగా మార్చును. ఇట్లు సెకనుకు అనేక పర్యాయములు లెక్క వ్రాయబడుచుండును. పాదము నేలను తాకిన ప్రతిసారియు లెక్కలో ఒక శిఖరము లేచును. ఆ శిఖరములే అడుగులు. వాని మధ్య కాలము సమముగా ఉన్నచో నడక నిలకడ గలది; హెచ్చుతగ్గులు మిక్కుటముగా ఉన్నచో పడిపోవు ప్రమాదము ఉండవచ్చును.

ఈ పరికరము కదలని వేళ కూడ ఊరకుండదు. భూమ్యాకర్షణ ఏ దిక్కునకు లాగుచున్నదో అది గుర్తించును. దానిని తొడకు అంటించినచో, మనిషి నిలుచున్నపుడు తొడ నిలువుగాను, కూర్చున్నను పడుకొన్నను అడ్డముగాను ఉండును గనుక, నిలుచున్న కాలమెంతయో తెలియును. కూర్చుండుటకు, పడుకొనుటకు గల భేదము తెలియుటకు రొమ్ముపై మరియొకటి ఉంచవచ్చును.

అమెరికాలో 45 మంది వృద్ధ రోగులకు ఇట్టి సెన్సరులను అమర్చి చేసిన పరిశీలన 2009లో ప్రకటింపబడినది. వారు ఆసుపత్రిలో నూటికి 83 వంతుల కాలము పడుకొనియే గడిపిరి. నిలుచుండుటకు, నడచుటకు వినియోగమైన కాలము దినమునకు సుమారు 43 నిమిషములు మాత్రమే. సెన్సరులు లేకున్నచో ఈ సంగతి ఇంత స్పష్టముగా తెలిసెడిది కాదు.

అయినను పరికరము చెప్పినదెల్ల వేదవాక్యము కాదు. ముసలివారు పాదములను ఈడ్చుచు నెమ్మదిగా నడచినచో అడుగు శిఖరములు అణగిపోయి, లెక్క తప్పవచ్చును. చేతికి కట్టిన సాధనము, చేయి చేతికఱ్ఱపై కదలక నిలిచినచో, అడుగులనే గుర్తింపకపోవచ్చును. అందుచే నెమ్మది నడకకు తొడ, చీలమండ, నడుము అనుకూలమైన స్థానములు. మరియు మన పల్లెలలో పెద్దలు నేలపై బాసెపట్టు వేసికొని కూర్చుందురు; గొంతుకూర్చుండి పనులు చేసికొందురు; వట్టి కాళ్ళతో ఎగుడుదిగుడు నేలపై నడతురు. కుర్చీలు, నున్నని వరండాలు గల చోట నిర్ణయించిన లెక్కలను ఇచ్చట యథాతథముగా వర్తింపజేయరాదు. మనిషి కంటితో చూచిన దానితో సరిపోల్చి, పిదప నమ్మవలెను.

లెక్క తెలిసినంత మాత్రమున కాళ్ళకు బలము రాదు. నిన్నటి కంటె నేడు రోగి తక్కువ నడచెనని తెలిసినపుడు వైద్యుడు కారణమును వెదకును. నొప్పియా, నీరసమా, పడుదునను భయమా, లేక సెలైను గొట్టము అడ్డమా? మన ఆసుపత్రులలో రోగి ప్రక్కన కొడుకో, కోడలో, మనుమడో ఉండుట వాడుక. వారు ప్రేమచేతనే “మంచము దిగవద్దు, అన్నియు మేమే తెచ్చెదము” అందురు. ఆ ప్రేమ ఒక్కొక్కప్పుడు కాళ్ళకు సంకెల యగును. వైద్యుని అనుమతి తీసికొని, చేయి ఆసరాగా ఇచ్చి, పూటపూటకు నాలుగడుగులు నడపించుట అంతకంటె మేలైన సేవ. అడుగులను లెక్కించుట సెన్సరు పని. అడుగు వేయించుట ప్రక్కనున్న మనిషి పని.