అయస్కాంతం పట్టేది ఇనుమునే... మట్టిని కాదు!
పాత బుల్లెట్టు ఇంజినుకు ఫెల్టు ఫిల్టరే దిక్కు

జహీరాబాద్: ఇసుక కుప్పలో అయస్కాంతం ముక్కను లాగుతూ ఆడుకోని పల్లె పిల్లలు అరుదు. పైకి తీస్తే నల్లని రజను మీసంలా అంటుకుని వస్తుంది. ఇసుక మాత్రం కిందనే ఉండిపోతుంది. పాత మోటారు సైకిలు వాడేవారు గుర్తుంచుకోవలసిన పాఠం ఈ ఆటలోనే ఉంది. ఇంజినులో అయస్కాంతం పెట్టాం, ఇక ఫిల్టరు మార్చనక్కరలేదు, ఆయిలు ఎన్నాళ్లయినా నడుస్తుంది అనుకుంటే బండి షెడ్డు పాలు కావలసిందే.

నాన్న కొన్న బుల్లెట్టును, తాత నడిపిన రాజ్‌దూత్‌ను అమ్ముకోలేక దాచుకున్న ఇళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. కొందరు పొలానికి, సంతకు వాటి మీదనే వెళ్తుంటారు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన బుల్లెట్టును 1955లో మద్రాసులో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత పూర్తిగా అక్కడే తయారైంది. పోత ఇనుప సిలిండరు గల పాత రకం ఇంజిను అర శతాబ్దానికి పైగా నడిచి, 2010 ప్రాంతంలో ఆగిపోయింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసుకునే వీలు 2021లో కేంద్ర నిబంధనల్లో కల్పించారు. కాగితం మీద గౌరవం దక్కినా, ఇంజిను లోపల మాత్రం ఆ బండి కష్టం ఆ బండిదే.

ఆయిలు నడిచే దారి

పాత బుల్లెట్టులో ఇంజిను ఆయిలుకు విడిగా డబ్బా ఉండదు. క్రాంక్‌కేసులోనే ఒక గది ఆయిలు టాంకుగా పనిచేస్తుంది. రెండు చిన్న పంపులు ఉంటాయి. ఒకటి టాంకులోని ఆయిలును తోడి ఫిల్టరు గదిలోకి పంపుతుంది. అక్కడ గుండ్రని ఫెల్టు గుండా వడిసి, క్రాంకు లోపలి సన్నని దారిలో కనెక్టింగ్ రాడ్డు కింది భాగానికి, అంటే బిగ్ ఎండ్‌కు చేరుతుంది. పని ముగించుకుని అడుగున పడిన ఆయిలును రెండో పంపు ఎత్తి తలపై ఉన్న రాకర్లకు పంపుతుంది. అక్కడి నుంచి జారి మళ్లీ టాంకులోకి వస్తుంది.

మద్రాసు బుల్లెట్టు బిగ్ ఎండ్‌లో బాల్ బేరింగులు ఉండవు. మెత్తని లోహపు పూత గల బుష్షు ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కొన్ని రెట్లు మాత్రమే. మనిషి తల వెంట్రుక దానికన్నా ఎన్నో రెట్లు లావు. కంటికి ఆనని ఇసుక రేణువు ఆ సందులో దూరినా ఆకురాయిలా అరగదీస్తుంది. మొదట కింద నుంచి ‘టక టక’ చప్పుడు వస్తుంది. పట్టించుకోకపోతే ఇంజిను పట్టేస్తుంది. అప్పుడు క్రాంకు విప్పి రాడ్డు, బుష్షు మార్చాలి. సిలిండరు గీరుకుపోతే బోరు కొట్టించాలి. ఇదంతా తప్పించేది అరచేతిలో పట్టే ఒక ఫెల్టు ముక్క!

అయస్కాంతం చేసే పని

అయస్కాంతం వల్ల లాభం లేదని కాదు. పాత బుల్లెట్టులో సిలిండరు పోత ఇనుము, పిస్టను రింగులు ఇనుము, పళ్ల చక్రాలు ఉక్కు. ఇవి అరిగినప్పుడు రాలే రజనును డ్రెయిన్ ప్లగ్గు కొనకు అమర్చిన అయస్కాంతం పట్టి ఉంచుతుంది. ఫెల్టు గుండా జారిపోయేంత సన్నని ఇనుప రజను కూడా దానికి చిక్కుతుంది.

అయితే పిస్టను అల్యూమినియం. బిగ్ ఎండ్ బుష్షు పూత తెల్ల లోహం. మరికొన్ని బుష్షులు కంచు. వీటిలో ఏదీ అయస్కాంతానికి అంటదు. బయటి నుంచి వచ్చే దుమ్ము అసలే అంటదు. న్యాల్‌కల్, ఝరాసంగం, కోహీర్ వైపు మట్టి బాటల్లో తిరిగే బండికి ఆ దుమ్మే పెద్ద శత్రువు. ఎర్రమట్టిలో ఇనుము ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంటుంది. కాని అందులో చాలా భాగం తుప్పు రూపంలో ఉన్న ఇనుము. దాన్ని అయస్కాంతం గట్టిగా లాగలేదు. దానితో కలిసి ఉండే ఇసుకను అసలే లాగలేదు. ఆ పని ఫెల్టుది. అంతకు ముందే దుమ్మును ఆపవలసింది కార్బురేటరు వెనుక ఉండే ఎయిర్ ఫిల్టరు. ఎండాకాలంలోను, చెరకు బండ్లు నడిచే రోజుల్లోను దాన్ని తరచుగా శుభ్రం చేయాలి.

పాత స్పీకరు అయస్కాంతాన్ని ఇంజిను కింద తీగతో కట్టే పద్ధతి ఒకటుంది. దీనివల్ల మేలు తక్కువ. అల్యూమినియం క్రాంక్‌కేసు గుండా అయస్కాంత శక్తి కొంత లోపలికి వెళ్లినా, పట్టిన రజను లోపలి గోడకే ఉండిపోతుంది. ఆయిలు మార్చినప్పుడు అది బయటకు రాదు. తీగ తెగి అయస్కాంతం పడిపోయిన నాడు కూడబెట్టిన రజనంతా ఒక్కసారి ఆయిల్లో కలుస్తుంది. అదే ప్లగ్గుకు బిగించిన అయస్కాంతమైతే ఊడదీసి గుడ్డతో తుడవవచ్చు.

బొమ్మల్లోను, ఫోన్లలోను దొరికే చిన్న వెండి రంగు నియోడైమియం అయస్కాంతాలను జిగురుతో అంటించడం మరీ ప్రమాదం. వాటిలో సాధారణ రకం 80 డిగ్రీల వేడి దాటితే శక్తి కోల్పోతుంది. గాలితో చల్లబడే ఇంజినులో ఆయిలు అంత వేడెక్కడం మామూలే. పైగా అవి పెళుసు. జిగురు వదిలి ముక్క పంపులో పడితే కోరి తెచ్చుకున్న చేటు అవుతుంది. మరను తొలిచి అయస్కాంతం గట్టిగా బిగించిన ప్లగ్గు దొరికితేనే వాడాలి.

ప్లగ్గు చెప్పే కబురు

అయస్కాంతం అసలు ఉపయోగం కబురు చెప్పడంలో ఉంది. విమానాల, హెలికాప్టర్ల ఇంజిన్లలో కూడా ఆయిలు దారిలో అయస్కాంతపు ప్లగ్గు ఉంటుంది. ఉక్కు పెళ్లలు దానికి అంటుకుంటే చాలాచోట్ల పైలటు ముందు దీపం వెలుగుతుంది. మన బండికి దీపం లేదు. ఆయిలు మార్చినప్పుడు కంటితో చూసుకోవాలి.

ప్లగ్గు మీద కాటుకలా మెత్తని నల్లని ముద్ద ఉంటే మామూలు అరుగుదల. సూదుల్లా గుచ్చుకునే ముక్కలు, పెళ్లలు కనిపిస్తే ఎక్కడో పన్ను విరిగింది లేదా రింగు చిట్లింది అని అర్థం. బండి నడపకుండా విప్పి చూపించాలి. పాత ఆయిలును తెల్లగుడ్డ మీద పోసి ఎండలో చూడాలి. తళుకులు కనిపిస్తే అయస్కాంతం దగ్గర పెట్టాలి. అంటకుండా వెండిలా మెరిస్తే పిస్టనో, బిగ్ ఎండ్ బుష్షో అరుగుతున్నట్లు. బంగారు రంగులో మెరిస్తే కంచు బుష్షు.

మార్చేటప్పుడు జాగ్రత్తలు

ఇంజిను వేడిగా ఉన్నప్పుడే ఆయిలు దించాలి. చల్లారితే మడ్డి అడుగునే ఉండిపోతుంది. ఫెల్టును పెట్రోలులో కడిగి మళ్లీ వేయడం పాత అలవాటు. ఉన్ని పోగుల్లో ఇరుక్కున్న మట్టి కడిగినా పూర్తిగా పోదు కనుక కొత్తది వేయడమే మేలు. ఫెల్టుతో పాటు వచ్చే వాషర్లు, స్ప్రింగు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో బిగించాలి. వరుస తప్పితే ఆయిలు వడియకుండా పక్క నుంచి జారిపోవచ్చు, లేదా దారి మూసుకుపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. ఫెల్టు మార్చిన వెంటనే ఫిల్టరు గది ఖాళీగా ఉంటుంది. అది నిండే దాకా బిగ్ ఎండ్‌కు ఆయిలు అందదు. కాబట్టి స్టార్టు చేసిన వెంటనే రేజ్ చేయరాదు. కొన్ని నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి, ఆపి, తగ్గిన ఆయిలు నింపాలి. ఇంజిను మెల్లగా తిరుగుతుండగా తలపై రాకరు పైపు బోల్టును కొద్దిగా వదులు చేస్తే ఆయిలు ఊరాలి. ఊరితే అడుగు నుంచి ఆయిలు ఎత్తే పంపు పనిచేస్తున్నట్లు.

ఏళ్ల తరబడి మూలన పడిన బండిని మళ్లీ తీసేవారు మొదటి ఆయిలును త్వరగా మార్చాలి. నేటి ఆయిళ్లలో మడ్డిని కరిగించే మందు ఉంటుంది. పాత మడ్డి కదిలి ఫెల్టును పూడ్చేస్తుంది. అందుకే మొదటి మార్పులోనే ఫెల్టు కూడా మార్చాలి.

ఇక రాజ్‌దూత్, జావా, యెజ్డీ బండ్లు టూ స్ట్రోకువి. వాటిలో ఆయిలు పెట్రోలుతో కలిసి కాలిపోతుంది కనుక ఇంజినుకు ఆయిలు ఫిల్టరే లేదు. వాటి గేరుబాక్సు ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే మంచిదే. క్లచ్చు, గేర్ల నుంచి రాలే ఉక్కు రజను దానికి చిక్కుతుంది.

ఆయిలు మార్చిన తేదీ, మీటరు అంకె, ప్లగ్గు మీద కనిపించినది ఇంటి కాలెండరు మీద రాసిపెట్టుకోవడం మంచిది. క్రితంసారి కన్నా ఈసారి రజను ఎక్కువగా ఉంటే ఇంజిను పట్టేయక ముందే మిస్త్రీకి చూపించవచ్చు.