ముష్టియుద్ధం – తూకం – అర్హత

2024 జూలై చివరి వారంలో, పారిస్ ఒలింపిక్ క్రీడలు ఆరంభమయ్యే దినాలలో, ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి వచ్చే బస్సులో ఇద్దరు విద్యార్థులు నిఖత్ జరీన్ గురించి వాదించుకొంటూ వచ్చారు. ఆమెకు పతకం తప్పదని ఒకడన్నాడు. రెండుమార్లు ప్రపంచ విజేత అయిన మనిషికి ఎదురేమిటని అతని వాదం. రెండవవాడు పోటీల పట్టిక చూచినవాడు. రెండవ పోటీలోనే చైనాకు చెందిన వూ యూ ఎదురవుతుందనీ, ఆమె కూడా ప్రపంచ విజేతయేననీ, ముందుగా సంబరపడవద్దనీ అతడన్నాడు. వాదం ఎటూ తేలక, వెనుక సీటులో ఉన్న నన్నడిగారు: "సార్, ప్రపంచానికంతా విజేత ఒక్కరే ఉండాలి గదా, ఒకే సంవత్సరంలో ఇద్దరెట్లా అయినారు?"

బస్సు దిగేలోగా నేను చెప్పగలిగిన జవాబు సగమే. మిగిలిన సగం ఇక్కడ చెప్పదలచుకొన్నాను.

మన పల్లెల జాతరలలో కుస్తీపోటీలు చూచినవారికి ఈ విషయం కొత్తది కాదు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగిసే ఆ పోటీలలో త్రాసు ఉండదు. పెద్దలు ఇద్దరు పహిల్వాన్లను పక్కపక్కన నిలబెట్టి, మెడ, భుజాలు, పిక్కలు చూచి జోడు కుదిరిందో లేదో తేలుస్తారు. జోడు కుదరకపోతే చుట్టూ కూర్చున్న జనమే ఒప్పుకోరు. బోధన్ ప్రాంతంలోని హున్సా గ్రామంలో హోలీ నాటి సాయంత్రం జరిగే పిడిగుద్దులాటలో ఆ మాత్రపు లెక్క కూడా లేదు. తాడుకు ఇరువైపులా నిలిచిన రెండు జట్లలో ఎవరికి ఎవరు ఎదురైతే వారినే గుద్దుతారు. అది ఆచారం, అక్కడ గెలుపోటముల పట్టింపు లేదు. ఆ గుద్దులాట గెలుపోటములున్న క్రీడ కావాలంటే మొట్టమొదట కావలసినది తూకమే.

ఇందులకు కారణం సులభంగానే తెలుస్తుంది. ముష్టిఘాతపు బలం కేవలం చేతిది కాదు. పాదం నేలను తన్నిన క్షణం నుండి నడుము తిరిగి, భుజం ముందుకు వచ్చి, పిడికిలి తగిలేవరకు శరీర భారమంతా ఆ దెబ్బలో పాల్గొంటుంది. నేర్పు సమానమైనప్పుడు బరువు ఎక్కువ ఉన్నవాని దెబ్బయే ప్రమాదకరం. అందుచేత పోటీదారులను తూచి, తరగతులుగా విభజించి, ఏ తరగతికి ఆ తరగతిలోనే పోటీ పెడతారు. కాని ఆ గీతలు ప్రకృతి గీచినవి కావు, మనుష్యులు గీచినవి. ఒక గీత అటుగానో ఇటుగానో జరిగితే ఒకరికి బరి దొరుకుతుంది, మరొకరికి దొరకదు.

వృత్తి ముష్టియుద్ధంలోని క్రూయిజర్ వెయిట్ తరగతి దీనికి మంచి ఉదాహరణ. 1979కి పూర్వం 175 పౌండ్లు, అనగా సుమారు 79 కిలోలు దాటినవారందరూ హెవీవెయిట్ లో పోరాడవలసినదే. 185 పౌండ్ల బరువుతో రాకీ మార్సియానో 1950లలో హెవీవెయిట్ ప్రపంచ విజేత కాగలిగాడంటే అది ఆ కాలపు మాట. తరువాతి తరంలో హెవీవెయిట్లు 220 పౌండ్లకు పెరిగారు. 185, 190 పౌండ్ల యోధుడు ఎటూ కానివాడైనాడు. ప్రపంచ బాక్సింగ్ మండలి ఆ ఖాళీలో కొత్త తరగతిని స్థాపించి 190 పౌండ్లను హద్దుగా పెట్టింది. మొదటి పోటీ 1979 డిసెంబరులో ఆనాటి యుగోస్లావియాలోని స్ప్లిట్ నగరంలో మార్విన్ కామెల్, మాతె పర్లోవ్ ల మధ్య జరిగి సమంగా ముగిసింది. 1980 మార్చిలో మళ్లీ పోరాడి కామెల్ మొదటి విజేత అయినాడు. 2003లో హద్దు 200 పౌండ్లకు పెరిగింది. అయినా ఖాళీ తీరలేదేమో, 2020లో ఆ మండలియే 200 నుండి 224 పౌండ్ల వరకు బ్రిడ్జర్ వెయిట్ అనే మరొక తరగతిని కల్పించింది.

తరగతి ఏర్పడగానే పుట్టే ప్రశ్న, విజేతను ఎదిరించే అర్హత ఎవరిదన్నది. వృత్తి ముష్టియుద్ధంలో నాలుగు ప్రధాన సంస్థలున్నాయి. ఏ సంస్థ పట్టిక దానిదే, ఏ సంస్థ విజేత దానివాడే. అభిమానుల వాదాలకు అంతులేకుండా పోవడానికి ఇదే కారణం. ఒకడు ఈ పట్టికలోని మొదటి స్థానాన్ని చూపుతాడు, మరొకడు ఆ పట్టికను. కాని క్రూయిజర్ వెయిట్ లో ఒకసారి ఈ వాదం నోటితో గాక పిడికిలితోనే తీరింది. 2017లో ఎనిమిదిమందితో వరల్డ్ బాక్సింగ్ సూపర్ సిరీస్ అనే పోటీ ఆరంభించి, ఓడినవారు తొలగిపోయే పద్ధతిలో నడిపించారు. 2018 జూలై 21న మాస్కోలో ఉక్రెయిన్ యోధుడు అలెగ్జాండర్ ఉసిక్, రష్యాకు చెందిన మురాత్ గాసియెవ్ ను ఓడించి నాలుగు సంస్థల పట్టాలనూ ఒక్కడే ధరించాడు. ఆ పోటీ బహుమతికి ముహమ్మద్ అలీ పేరు పెట్టారు. ఆ రాత్రి తరువాత ఆ తరగతిలో ఎవరు మేటి అన్న తగవు ఎవరికీ మిగలలేదు.

ఇక మన ప్రాంతపు కథకు వస్తాను. నిఖత్ జరీన్ నిజామాబాదు పట్టణపు అమ్మాయి. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయిననాటికి మన కామారెడ్డి, ఎల్లారెడ్డి కూడా ఆ జిల్లాలోనివే; 2016 అక్టోబరు 11న గాని కామారెడ్డి వేరు జిల్లా కాలేదు. కామన్వెల్త్ క్రీడలలో 2018లోను, 2022లోను కాంస్య పతకాలు తెచ్చిన హుసాముద్దీన్ కూడా నిజామాబాదువాడే.

మణిపురానికి చెందిన మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత. ఆ ఆరు పతకాలూ 45 నుండి 48 కిలోల లోపు తరగతులలో గెలిచినవి. కాని 2012లో మొదటిసారి ఒలింపిక్స్ లో మహిళలకు ముష్టియుద్ధం పెట్టినప్పుడు ఉన్న తరగతులు మూడే, వానిలో అతి చిన్నది 51 కిలోలు. తనకన్నా బరువైనవారితో పోరాడి ఆమె లండన్ లో కాంస్యం సాధించింది. టోక్యో ఒలింపిక్స్ కు తరగతులు ఐదైనా, చిన్నది మాత్రం 51 కిలోలే. నిఖత్ తరగతి అదే. త్రాసు ఒకే పళ్లెంలో ఇద్దరినీ కూర్చోబెట్టింది. వారిద్దరి తగవు వ్యక్తుల మధ్య పుట్టినదని చాలామంది అనుకొన్నారు. సగం తగవు ఆ 51 అనే అంకెలో పుట్టినదని నా అభిప్రాయం.

2019 ఆగస్టులో ప్రపంచ పోటీల జట్టును ఎన్నుకొన్నప్పుడు ఆ తరగతిలో పరీక్షాపోటీ జరపక, పూర్వ విజయాలను బట్టి మేరీ కోమ్ ను పంపారు. అక్టోబరులో ఆమె కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా ఆమెనే నేరుగా పంపాలన్న మాట బయటికి రాగా, 23 ఏండ్ల నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ వ్రాసింది. ఆమె కోరినది స్థానం కాదు, పోటీ. దేశమంతా రెండు పక్షాలైంది. అంత గొప్ప యోధురాలిని పరీక్షకు నిలబెట్టడం అవమానమని కొందరన్నారు. అదే సంవత్సరం మే నెలలో గౌహతిలో నిఖత్ ఆమె చేతిలో ఓడిన సంగతిని కూడా గుర్తుచేశారు. చివరకు డిసెంబరు 28న ఢిల్లీలో పరీక్షాపోటీ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది.

ఈ ఫలితం విని, అనవసరపు రభస చేసిందని నిఖత్ ను ఎగతాళి చేసినవారున్నారు. నేను వారితో ఏకీభవించను. పోటీ కోరిన హక్కు, పోటీలో గెలవడం మీద ఆధారపడదు. పైగా ఆనాటి పోటీ మేరీ కోమ్ కూ మేలే చేసింది. ఆమె టోక్యోకు పేరును బట్టి వెళ్లిందని ఎవరూ అనలేకపోయారు.

ఇది తీరిగ్గా వ్రాయడం సులభమే గాని, ఒకప్పుడు ఒక కళాశాల కబడ్డీ జట్టు ఎంపిక నా మీద పడినప్పుడు నేను చేసినది వేరు. గత సంవత్సరం బాగా ఆడిన కుర్రవాని పేరు ముందే వ్రాసి పెట్టుకొన్నాను. మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, ట్రయల్ పెట్టరా?" అని అడిగాడు. అది నాకు పొగరుగా తోచి, పొమ్మన్నాను. వాడు మళ్లీ మైదానానికి రాలేదు. వాడు ఎంతటి ఆటగాడో తెలిసికొనే మార్గం నేనే మూసివేశాను. మన క్రీడాసంఘపు పెద్దలకు ఈ మాట విన్నవించుకొనే చనువు ఈ పత్రిక నాకిచ్చిందనుకొంటాను.

2022 నాటికి ఔత్సాహిక ముష్టియుద్ధపు ప్రపంచ పోటీలలో మహిళల తరగతులు పన్నెండైనాయి. 51 పోయి 50, 52 వచ్చాయి. ఆ మే 19న ఇస్తాంబుల్ లో నిఖత్ 52 కిలోల తరగతిలో థాయిలాండుకు చెందిన జిత్పాంగ్ జుతామస్ ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఒలింపిక్స్ లో 52 లేదు కాబట్టి 50కి దిగింది. ఆ రెండు కిలోలు చెప్పినంత తేలిక కాదు. కొవ్వు లేని శరీరం నుండి బరువు తగ్గించాలంటే తిండి, చివరి దినాలలో నీరు కూడా కొలుచుకోవాలి. ఔత్సాహిక పోటీలలో పోటీ ఉన్న రోజు ఉదయమే తూస్తారు. ఒక్కరోజు తూచి ఊరుకోరు. ఆ 50లోనే ఆమె ఆగస్టులో బర్మింగ్ హామ్ లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాం యోధురాలు ఎన్గుయెన్ థి తామ్ ను ఓడించి రెండవసారి ప్రపంచ విజేత అయింది.

బస్సులోని ప్రశ్నకు జవాబు ఇక్కడున్నది. అదే ఢిల్లీ పోటీలలో వూ యూ కూడా స్వర్ణం గెలిచింది, 52 కిలోలలో. ఇద్దరు విజేతలు, రెండు తరగతులు, తగవు లేదు. పారిస్ లో 52 లేదు. కాబట్టి వూ యూ కూడా 50కి దిగివచ్చింది. పైగా నిఖత్ కు క్రమస్థానం ఇవ్వలేదు, వూ యూకు మొదటి స్థానమిచ్చారు. ఆ విధంగా, చివరి రోజున ఎదురుపడవలసిన ఇద్దరు 2024 ఆగస్టు 1న రెండవ పోటీలోనే ఎదురుపడ్డారు. వూ యూ 5-0తో గెలిచి, తరువాత స్వర్ణమూ గెలిచింది. 2019లో 51 అనే అంకె నిఖత్ ను మేరీ కోమ్ ముందు నిలబెట్టినట్లే, 2024లో 50 అనే అంకె ఆమెను వూ యూ ముందు నిలబెట్టింది.

తరువాత తరగతులు మళ్లీ మారాయి. 2025 సెప్టెంబరులో లివర్ పూల్ లో జరిగిన ప్రపంచ పోటీలలో 50 లేదు, 52 లేదు. 51 తిరిగి వచ్చింది. నిఖత్ దానిలో పోరాడి క్వార్టర్ ఫైనల్ లో టర్కీకి చెందిన బుసె నాజ్ చకిరోగ్లు చేతిలో ఓడింది. ఆ వార్త వచ్చిన మరునాడు బస్సులో ఆ ఇద్దరు విద్యార్థులే కలిశారు. ఈసారి వాళ్లు ఆమె గెలుపోటముల మాట ఎత్తలేదు. 48 కిలోలలో ఎవరున్నారు, 54లో ఎవరున్నారు అని వేళ్లమీద లెక్కపెట్టుకొంటున్నారు.