సీసాలో బ్రకోలీ... పోపుల డబ్బాలో కిటుకు!

అమెరికా నుంచి అబ్బాయొచ్చాడు. సూట్‌కేసులోంచి చాక్లెట్లు, బాదంపప్పుతోపాటు ఓ సీసా తీసి నాన్న చేతిలో పెట్టాడు. 'బ్రకోలీ గింజల సారం నాన్నా. రోజుకొకటి వేసుకో, ఒంట్లో విషాలన్నీ పోతాయట!' ఆయన కళ్లజోడు సవరించుకుని అడిగిన మొదటి ప్రశ్న... 'అయితే ఇక షుగర్ మాత్ర మానేయొచ్చా?'

జవాబు కావాలంటే ముందు ఆ సీసాలో ఏముందో చూడాలి.

బ్రకోలీ కొత్తదేం కాదు, మన క్యాబేజీకీ ఆవాలకీ చుట్టమే. 1992లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలాలే బృందం అందులోంచి సల్ఫొరాఫేన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. అది తనంతట తానుగా విషాలను కడిగేయదు. ఆ పనిచేసే ఎంజైములను ఇంకాస్త ఎక్కువగా తయారుచేయమని కణాలను తట్టిలేపుతుందంతే. మూడు రోజుల మొలకల్లో దాని ముడిసరుకు ముదిరిన బ్రకోలీలోకన్నా 10 నుంచి 100 రెట్లు ఎక్కువుంటుందని 1997లో అదే బృందం చెప్పింది. మొలకలూ గింజలూ మాత్రలుగా మారడానికి దారి పడింది అలాగే.

ఇక్కడే ఓ చిక్కుంది. గింజలో ఉండేది సల్ఫొరాఫేన్ కాదు, గ్లూకొరాఫానిన్. దాన్ని మార్చే మైరోసినేజ్ అనే ఎంజైము వేరే గదిలో ఉంటుంది. కొరికినప్పుడో తరిగినప్పుడో రెండూ కలిస్తేనే అసలు సరుకు పుడుతుంది. బాగా ఉడికిస్తే ఎంజైము పనికిరాకుండా పోతుంది. కొన్ని మాత్రల్లోనూ అది ఉండదు. అప్పుడిక భారమంతా పేగుల్లోని సూక్ష్మజీవులదే. ఒకరిలో అవి చురుగ్గా పనిచేస్తాయి, మరొకరిలో అంతంతమాత్రం. కాబట్టి లేబుల్ మీద వెతకాల్సింది మైరోసినేజ్ పేరు... 'డిటాక్స్' అన్న పెద్దక్షరాలు కాదు.

ఆ ఎంజైము ఆవాల్లోనూ ఉంది. ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 మందికి 200 గ్రాముల చొప్పున ఉడికించిన బ్రకోలీ పెట్టి చూశారు. దాని మీద ఒక్క గ్రాము ఆవపొడి చల్లితే ఒంటికి పట్టిన సల్ఫొరాఫేన్ నాలుగు రెట్లకు పైగా పెరిగిందని 2018లో ప్రకటించారు. కూర దించాక పచ్చి ఆవ నూరి కలిపే గోదావరి జిల్లాల అమ్మమ్మలు చేసేదీ అదేగా! (పోపులో చిటపటలాడిన ఆవాలకు ఆ శక్తి ఉండదు లెండి.)

మరి విషాలు పోతాయా? చైనాలోని చిదోంగ్ ప్రాంతంలో 291 మందితో 12 వారాలు పరీక్షించారు. బ్రకోలీ మొలకల పానీయం తాగినవారిలో, కాలుష్యం వల్ల ఒంట్లో చేరే బెంజీన్ 61 శాతం ఎక్కువగా బయటికి పోయినట్టు మూత్రపరీక్షల్లో తేలింది. 2014లో వచ్చిన ఫలితమిది. దానివల్ల జబ్బులు తగ్గాయా అన్నది మాత్రం ఆ పరీక్ష చూడలేదు.

ఇక నాన్నగారి షుగర్ సంగతి. స్వీడన్ పరిశోధకులు 97 మంది మధుమేహులతో 12 వారాలపాటు మొలకల సారాన్ని పరీక్షించి, 2017లో ఫలితాలు వెల్లడించారు. ఊబకాయం ఉండి, షుగర్ అదుపులో లేనివారికి పరగడుపు చక్కెర కొంత తగ్గింది. అయితే వారిలో దాదాపు అందరూ మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటూనే ఉన్నారు. అంటే నాన్నగారు షుగర్ మాత్ర మానడానికి వీల్లేదు. కొత్త సీసా మూత తీసేది కూడా డాక్టరుకు చూపించాకే.