లెండ్ శిక్షణకు దరఖాస్తు: అపోహలు – వాస్తవాలు

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ వంటి ఎదుగుదల వైకల్యాలున్న పిల్లలకు, వారి కుటుంబాలకు సేవలందించే రంగంలో నాయకులను తయారుచేయడానికి అమెరికాలో నడిచే శిక్షణ ‘లెండ్’. లీడర్‌షిప్ ఎడ్యుకేషన్ ఇన్ న్యూరోడెవలప్‌మెంటల్ అండ్ రిలేటెడ్ డిజెబిలిటీస్ అన్న పెద్ద పేరుకు అది పొట్టి రూపం. నిధులు ఫెడరల్ ప్రభుత్వపు మాతాశిశు ఆరోగ్య విభాగానివి. నడిపేవి విశ్వవిద్యాలయాలు, బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాల్లో ఉన్నటువంటి పిల్లల ఆసుపత్రులు. దేశమంతటా ఇలాంటివి దాదాపు 60 ఉన్నాయి. అర్హత లేక దూరమయ్యేవారి సంగతి అలా ఉంచితే, అర్హత ఉండీ అపోహల వల్ల దరఖాస్తు పెట్టనివారూ ఉంటారు.

అన్నిటికన్నా బలమైన అపోహ, ఇది డాక్టర్ల కోర్సు అన్నది. పిల్లల వైద్యులు ఇందులో ఒక వర్గం మాత్రమే. స్పీచ్ థెరపీ, ఆడియాలజీ, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, నర్సింగ్, దంతవైద్యం, పోషకాహారం, సైకాలజీ, సోషల్ వర్క్, ప్రత్యేక విద్య, ప్రజారోగ్యం చదివినవారు వీరి పక్కనే కూర్చుంటారు. ఏ విభాగాలు ఉంటాయన్నది కేంద్రాన్ని బట్టి మారుతుంది. ఇంతమందిని ఒకచోట చేర్చడమే ఈ శిక్షణ ఉద్దేశం. మాట రాని మూడేళ్ల బిడ్డను స్పీచ్ థెరపిస్టు ఒక కోణంలో, ఆడియాలజిస్టు మరో కోణంలో చూస్తారు. ఆ బిడ్డ మందులకయ్యే ఖర్చు, బడిలో సీటు సోషల్ వర్కర్ కంటపడతాయి.

వీరితోపాటు వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రులు, తోబుట్టువులు, వైకల్యంతో జీవిస్తున్న వ్యక్తులు కూడా శిక్షణార్థులుగా చేరవచ్చు. వారిని అనుభవం చెప్పించుకుని పంపేయడానికి పిలుస్తారనుకోవడం పొరపాటు. బిడ్డతో పదేళ్లపాటు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన తల్లికి తెలిసినదాన్ని ఇక్కడ ఒక విద్యావిభాగంగానే లెక్కిస్తారు. కొన్ని కేంద్రాలు విద్యార్థులను వైకల్యమున్న పిల్లలున్న ఇళ్లకు పంపి, ఆ కుటుంబం రోజు ఎలా గడుస్తుందో దగ్గరుండి చూడమంటాయి.

‘నాయకత్వం’ అన్న మాట తెలుగువారిని మరీ తికమక పెడుతుంది. నాయకుడంటే పదవి, వేదిక, మైకు అన్న ఊహ మనది. హోదా లేదు కాబట్టి అర్హత లేదని వెనక్కి తగ్గేవారు ఈ ఊహకే చిక్కుతారు. వేర్వేరు వృత్తులవారిని ఒక నిర్ణయానికి తేవడం, ఒక క్లినిక్‌లో వెయిటింగ్ లిస్టు ఎందుకు తగ్గడం లేదో కనిపెట్టడం, చట్టసభ సభ్యులకు సమస్య అర్థమయ్యేలా చెప్పడం ఇక్కడ నాయకత్వం కిందికి వస్తాయి.

నిధుల్లో ఎక్కువ భాగం ఆటిజం చట్టం కింద వస్తుంది. అందువల్ల ఇది ఆటిజం కోర్సేనని కొందరి నమ్మకం. ఈ శిక్షణ వేళ్లు అంతకు చాలా ముందున్నాయి. 1963లో అధ్యక్షుడు కెనడీ సంతకం చేసిన చట్టంతో విశ్వవిద్యాలయాల్లో వైకల్య కేంద్రాల నిర్మాణం మొదలైంది. ఎదుగుదల వైకల్యాన్ని మానసిక జబ్బుతో కలిపేయడం కూడా తప్పే. 2000 నాటి అమెరికా చట్టం ప్రకారం ఎదుగుదల వైకల్యం 22 ఏళ్లలోపే బయటపడాలి, దీర్ఘకాలం కొనసాగేదై ఉండాలి. స్వీయ సంరక్షణ, భాష, నేర్చుకోవడం, కదలిక, సొంత నిర్ణయాలు, స్వతంత్ర జీవనం, సంపాదన అన్న ఏడింటిలో కనీసం మూడింటికి అడ్డుపడాలి. దరఖాస్తుతో పంపే వ్యాసంలో ఈ తేడా చెరిపేస్తే అది తొలి చూపులోనే తేలిపోతుంది. జాలి నింపి రాసినదీ అంతే.

దేశమంతటికీ ఒకే దరఖాస్తు లేదు. ఏ కేంద్రానికి ఆ కేంద్రమే గడువు, ఫారం పెడుతుంది. సాధారణంగా రెజ్యూమె, ఉద్దేశాన్ని వివరించే వ్యాసం, సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూ ఉంటాయి. సిఫారసు అనగానే మనకు పలుకుబడి గుర్తొస్తుంది. ఇక్కడ ఆ అర్థం లేదు. అభ్యర్థిని ఎరగని డీన్ సంతకం కన్నా, అతని పని రోజూ చూసిన సూపర్‌వైజర్ రాసిన ఒక్క పేజీ మేలు.

దీర్ఘకాల శిక్షణ అంటే కనీసం 300 గంటలు. విద్యాసంవత్సరమంతా పరిస్తే వారానికి 8 నుంచి 10 గంటలు. ఖాళీ వేళల్లో చేసేద్దామనుకుంటే కుదరదు. అంత తీరిక లేనివారికి 40 నుంచి 299 గంటల మధ్యకాలిక శిక్షణ కొన్నిచోట్ల ఉంది.

స్టైపెండ్ అందరికీ వస్తుందన్నది తెలుగువారిని ప్రత్యేకంగా దెబ్బతీసే అపోహ. ఈ ఫెడరల్ నిధుల నుంచి స్టైపెండ్ పొందాలంటే అమెరికా పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉండాలి. ఎఫ్-1 వీసాపై ప్రజారోగ్యం చదువుతున్న దంతవైద్యురాలికీ, హెచ్-4పై ఉన్న తల్లికీ అది అందదు. అయితే వీసా ఉన్నవారికి తలుపులే మూసుకుపోయాయనుకోవడం రెండో అపోహ. స్టైపెండ్ లేకుండా చేర్చుకునే కేంద్రాలున్నాయి. ఆ సంగతి దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి.

శిక్షణ పూర్తయితే వచ్చే సర్టిఫికెట్ వృత్తి లైసెన్సు కాదు. దాంతో థెరపీ చేసే హక్కు అక్కడా రాదు, భారత పునరావాస మండలిలో నమోదూ జరగదు. ప్రభుత్వ డబ్బుతో నేర్చుకున్నారు కాబట్టి ఇన్నేళ్లు ఫలానా చోట పనిచేయాలన్న బాండు కూడా ఉండదు. ఎక్కడ పనిచేస్తున్నారో, ఎవరికి సేవ చేస్తున్నారో అడుగుతూ కొన్నేళ్ల తరువాత ఒక సర్వే మాత్రం వస్తుంది.