పలకను పలకలాగే వాడాలి

చెరిపి మళ్ళీ రాసుకోగల సీడీ (సీడీ-ఆర్‌డబ్ల్యూ) 1997లో బజారులోకి వచ్చింది. అప్పటిదాకా ఫైళ్ళు మోసుకెళ్ళడానికి మనకున్నది ఫ్లాపీ. దానిలో పట్టేది 1.44 ఎంబీ. ఈ సీడీలో 650 ఎంబీ, అంటే సుమారు 450 ఫ్లాపీల సరుకు. పైగా వెయ్యిసార్లు చెరిపి రాయొచ్చన్నారు. దాంతో చాలామంది దీన్ని పెద్ద ఫ్లాపీ అనుకున్నారు. ఉత్తరాలు, లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు నేరుగా దాని మీదే తెరిచి, దిద్ది, సేవ్ చేశారు. కొన్నాళ్ళకు డిస్కు తెరుచుకోకపోతే కంపెనీని తిట్టుకున్నారు. నా ఉద్దేశంలో ఎక్కువసార్లు తప్పు డిస్కుది కాదు, దాన్ని వాడిన తీరుది.

ఎందుకో తెలియాలంటే డిస్కు లోపలి పొర సంగతి చూడాలి. అందులో ఉన్నది వెండి, ఇండియం, ఆంటిమొని, టెల్లూరియం కలిసిన మిశ్రమ లోహం. లేజర్ కిరణం దానిలో ఒక చుక్కంత చోటును సుమారు 600 డిగ్రీల దాకా వేడిచేసి కరిగిస్తుంది. అది చటుక్కున చల్లారినప్పుడు పరమాణువులు ఎక్కడివక్కడ చిందరవందరగా గడ్డకట్టి ఆ చోటు మసకబారుతుంది. చెరపాలంటే కరగనివ్వకుండా 200 డిగ్రీల వరకు వేడిచేస్తే చాలు, పరమాణువులు మళ్ళీ స్ఫటికంలా సర్దుకుని ఆ చోటు మెరుస్తుంది. ఈ మసక, మెరుపుల వరసే మన ఫైలు. కరగడం, గడ్డకట్టడం పదేపదే జరిగితే ఆ పొర అలసిపోతుంది. వెయ్యి అనే హద్దు అక్కడి నుంచి వచ్చిందే.

ఇక ఒక చిన్న దిద్దుబాటు సంగతి చూద్దాం. డిస్కు మీదున్న ఉత్తరంలో ఎక్కడో ఒక దీర్ఘం పడలేదు. యూనికోడ్ తెలుగులో ఆ దీర్ఘం గుర్తుకు సాధారణంగా పట్టేది 3 బైట్లు. పలక మీదైతే వేలి కొసతో ఆ ఒక్క అక్షరాన్నీ తుడిచి రాస్తాం. ఈ సీడీ అనే పలక మీద ఆ వీలు లేదు. ఫ్లాపీలా వాడటానికి ఫార్మాట్ చేసిన సీడీ మీద రాతంతా 32 సెక్టార్ల కట్టలుగా సాగుతుంది. ఒక్కో కట్ట 64 కేబీ. ఆ 3 బైట్ల కోసం డ్రైవ్ కనీసం ఒక కట్ట మొత్తాన్ని తిరిగి రాయాలి. ఆ తర్వాత ఫైలు ఎప్పుడు మారిందో, ఎక్కడుందో చెప్పే జాబితానూ తిరగరాయాలి. ఈ ఏర్పాట్లకే చాలా చోటు పోయి, 650 ఎంబీ డిస్కులో మనకు మిగిలేది సుమారు 530 ఎంబీ. రాత మధ్యలో కరెంటు పోతే ఆ జాబితా సగంలో ఆగిపోతుంది. అప్పుడు ఫైళ్ళన్నీ డిస్కులోనే ఉన్నా ఏది ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలియదు.

వెయ్యిసార్లు సరిపోవా అనొచ్చు. లెక్క వేయండి. రోజుకు 20 సార్లు సేవ్ చేస్తే, ప్రతిసారీ అదే చోట పడే రాతకు 50 రోజుల్లో వెయ్యి నిండుతుంది. అరిగిన చోటును వదిలి వేరేచోట రాసే ఏర్పాటు ఉన్నమాట నిజమే కానీ, అలా పక్కన పెట్టిన చోటు కొంచెమే. అదే డిస్కును వారానికోసారి మొత్తం చెరిపి కొత్తగా రాస్తే ఏడాదికి 52 సార్లు, వెయ్యి నిండటానికి 19 ఏళ్ళు. డిస్కు అదే, వాడే పద్ధతి మారిందంతే. రోజువారీ దిద్దుబాట్లకు తగినట్టు తయారైన డిస్కు లేకపోలేదు. 1998లో అమ్మకానికొచ్చిన డీవీడీ-ర్యామ్ అలాంటిదే. సెక్టార్ల గుర్తులు ఫ్యాక్టరీలోనే దాని మీద పడతాయి. లక్షసార్లు రాయొచ్చని దానికి పేరు. అయితే చాలా డ్రైవ్‌లు దాన్ని చదవలేవు, కాబట్టి మన ఇళ్ళల్లో అది పెద్దగా కనబడలేదు.

పెన్ డ్రైవ్, క్లౌడ్ ఉండగా ఈ గొడవంతా ఎందుకన్నది అసలైన ప్రశ్న. రోజువారీ పనికి అవే మేలు, సందేహం లేదు. కానీ నకలు దాచుకోవడం వేరే పని. వైరస్ పట్టిన కంప్యూటర్‌కు పెన్ డ్రైవ్ తగిలిస్తే అందులోని ఫైళ్ళు నిమిషాల్లో పాడవ్వొచ్చు. ఒకేసారి బర్న్ చేసి ముగించిన డిస్కులోని ఫైలును మామూలు సేవ్‌తో మార్చడం కుదరదు. అందుకే పని హార్డ్ డిస్కు మీద చేసుకుని, వారాంతంలో ఫైళ్ళన్నీ ఒక్కసారిగా డిస్కుకు ఎక్కించి, రాసినది సరిగ్గా ఉందో లేదో సరిచూసుకుని కవరులో పెట్టడం ఈ డిస్కుకు తగిన వాడకం. రెండు డిస్కులను వంతులవారీగా వాడితే ఇంకా మంచిది, ఒకటి రాస్తుండగా చెడినా రెండోది భద్రంగా ఉంటుంది.

అయితే ఈ సదుపాయం ఎంతోకాలం ఉండేలా లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవ్ రావడం దాదాపు ఆగిపోయింది. రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. మీ బీరువాలో పాత ఆర్‌డబ్ల్యూ డిస్కులు ఉంటే, ముఖ్యంగా ఫ్లాపీలా వాడినవి ఉంటే, డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఒకటి వెతికి పట్టుకోండి. వాటి మీద కొత్తగా ఏమీ రాయకుండా, ముందు ఉన్న ఫైళ్ళన్నీ హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి.