నలుగురు కూర్చుంటేనే తెలిసే పుస్తకం

హోసూరు దగ్గరి శానమావు అడవి నుంచి ఏనుగులు దిగాయి. ఉద్దనపల్లి పక్కన రాగి చేను కోతకొచ్చి ఉంది. మంచె మీద ముగ్గురున్నారు, వాళ్ల దగ్గర ఉన్నది ఒక్క టార్చిలైటు. "ఇప్పుడేం చేస్తావప్పా?" అని అడుగుతాడు ఆట నడిపే మనిషి. ఒకరు డప్పు కొడదామంటారు. ఇంకొకరు కాసేపు కదలకుండా ఉండి, గుంపులో పిల్ల ఏనుగు ఉందేమో చూద్దామంటారు. మూడో మనిషి ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తానంటే "సిగ్నల్ లేదు" అని జవాబొస్తుంది. ఇదంతా జరిగేది ఒక గదిలో. అక్కడ ఉన్నది నలుగురు మనుషులు, ఒక కాగితం, ఒక పాచిక.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఇదే. తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. ఒకరు కథ నడుపుతారు. ఫలితం అటో ఇటో తేలనప్పుడు పాచిక వేస్తారు. జాన్ హార్పర్ 2013లో తెచ్చిన 'లేజర్స్ అండ్ ఫీలింగ్స్' ఆట నియమాలన్నీ ఒక్క పేజీలో సరిపోతాయి. ఆటగాడు 2 నుంచి 5 లోపు ఒక అంకె ఎంచుకుంటాడు. బుర్రతో చేసే పనికి పాచిక ఆ అంకెకంటే తక్కువ పడాలి, మనసుతో చేసే పనికి ఎక్కువ పడాలి. సరిగ్గా అదే అంకె పడితే ఆట నడిపేవాణ్ణి ఒక ప్రశ్న అడగొచ్చు, ఆయన నిజమే చెప్పాలి. హార్పర్ రాసింది అంతరిక్ష నౌక కథ. రాగి చేనుకైనా ఆ నియమాలు పనికొస్తాయి.

ఈ ఆటల వ్యాపారం పుట్టిందే చిన్న ప్రచురణగా. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వచ్చింది. మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి, పది డాలర్లకు అమ్మారు. వేసింది వెయ్యి ప్రతులు. పెట్టెలు సర్దింది గైగాక్స్ ఇంట్లోనే. మరుసటి ఏడాది లండన్‌లో ఇయన్ లివింగ్‌స్టన్, స్టీవ్ జాక్సన్ అనే మిత్రులు తమ ఫ్లాటు నుంచే గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ మొదలుపెట్టి, ఈ ఆట ఆరు ప్రతులు తెప్పించుకున్నారు. ఆ ఆరు ప్రతుల ఆర్డరుతోనే ఐరోపా అంతటికీ పంపిణీ హక్కు వాళ్ల చేతికొచ్చింది!

ఆ తొలినాళ్ల పుస్తకాలు చదివి ఆడటం తేలిక కాదు. నియమాల్లో ఖాళీలుండేవి. ఆ ఖాళీలను పూరించింది జీతం లేని పాఠకులు. లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ అనే ఆవిడ 1975లో 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' అనే పత్రిక ప్రారంభించింది. ఒక్కొక్కరు తమ పేజీలు తాము రాసి పంపేవారు. ఆవిడ వాటన్నిటినీ ఒక్క సంచికగా కూర్చి అందరికీ పంపేది. "మా బల్ల దగ్గర ఈ నియమం పనిచేయలేదు, మేమిలా మార్చుకున్నాం" అని ఒకరు రాస్తే, వచ్చే సంచికలో ఇంకొకరు దానికి బదులిచ్చేవారు. అలా రాసినవాళ్లలో జొనథన్ ట్వీట్ ఒకరు. 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో కూర్పుకు ముఖ్య రూపకర్త ఆయనే. లీ గోల్డ్ ఆ పత్రికను 2025 దాకా, యాభై ఏళ్లు నడిపింది. ఒక కళకు అంతకు మించిన సేవ ఊహించడం కష్టం.

ఇలా ఆడి చూసి రాసే సమీక్షకుల గురించి ఇంతగా చెప్పుకోవడానికి కారణముంది. నవలను ఒక్కరు ఒక రాత్రిలో చదివి తీర్పు చెప్పగలరు. ఆట పుస్తకం అలా లొంగదు. చదువుతుంటే అద్భుతంగా తోచిన నియమం, నలుగురు కూర్చున్న పది నిమిషాలకే అందరినీ విసిగించవచ్చు. పేజీ మీద పేలవంగా కనిపించింది ఆటలో కన్నీళ్లు తెప్పించవచ్చు. కాబట్టి సమీక్షకుడు ముందు మనుషుల్ని పోగేయాలి, వాళ్లకు నేర్పాలి, మూడు నాలుగు గంటలు ఆడించాలి, అప్పుడు రాయాలి. దానికి ప్రతిఫలంగా చాలాసార్లు దక్కేది ఒక ఉచిత ప్రతి. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే ప్రచురణ సంస్థకు ప్రకటనలిచ్చే స్తోమతు ఉండదు. ఆ సమీక్షే దాని ప్రచారం. ఆడకుండా రాసేవాళ్లూ ఉన్నారు. చదివి మాత్రమే రాశామని మొదటి వాక్యంలో చెప్పేస్తే అందులో తప్పులేదు, దాచిపెడితే మాత్రం పాఠకుడికీ ప్రచురణకర్తకూ ఇద్దరికీ అన్యాయమే.

ఈ చిన్న ప్రచురణకర్తలు, ఆటగాళ్లు గొంతెత్తితే ఏమవుతుందో 2023 జనవరిలో తెలిసింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఇప్పుడు హాస్బ్రో కిందనున్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థది. ఆ ఆట మూల నియమాలను ఇతరులూ వాడుకునేలా 2000లో ఒక లైసెన్సు ఇచ్చారు, దాని మీద ఎన్నో చిన్న సంస్థలు బతుకుతున్నాయి. ఆ షరతుల్ని బిగించబోతున్నారన్న ముసాయిదా బయటికి పొక్కింది. ఆటగాళ్లు, ప్రచురణకర్తలు మండిపడ్డారు. సంస్థ అభిప్రాయాలు అడిగితే 15 వేలకు పైగా జవాబులొచ్చాయి. చివరికి జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గి, ఆ నియమాలను క్రియేటివ్ కామన్స్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద పెట్టేసింది. మూలం ఎవరిదో చెప్పి ఎవరైనా వాటిని వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, తెలుగు చేసుకోవచ్చు.

చిన్న ప్రచురణలో ఎంత లోతు ఉండగలదో చూడాలంటే 'డయలెక్ట్' చాలు. థార్నీ గేమ్స్ పేరుతో క్యాథరిన్ హైమ్స్, హకన్ సెయాలిఓలు 2018లో తెచ్చిన ఆట ఇది. లోకానికి దూరంగా ఉన్న ఒక చిన్న సమాజం, దాని సొంత భాష, ఆ భాష అంతరించిపోవడం, ఇదీ కథ. పాచికల్లేవు, కార్డులున్నాయి. ఆటగాళ్లు కార్డు తీసి ఒక కొత్త మాట పుట్టిస్తారు, ఆ మాటతోనే సంభాషణ నడుపుతారు. ఆట ముగిసేసరికి ఆ మాటలు తెలిసినవాళ్లు లోకంలో వాళ్లు మాత్రమే.

ఈ ఆటను తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లు ఆడితే ఎలా ఉంటుంది? 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో పదో తరగతి దాకా తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తెలుగు చదువుకునే పిల్లలు తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం కలిసిన మాట ఇక్కడివాళ్లకు కొత్త కాదు. 2024లో కృష్ణగిరి నుంచి గెలిచిన ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులోనే ప్రమాణం చేశారు. అమెరికా సమీక్షకుడు ఈ ఆటను మెచ్చుకునేటప్పుడు భాష పోవడాన్ని ఊహించుకుంటాడు. ఇక్కడ బల్ల చుట్టూ కూర్చునేవాళ్లకు అందులో చాలా భాగం తెలిసిన సంగతే. కార్డులో "ఈ మాట పలకడం ఎవరు మానేశారు?" అన్నట్టుగా సన్నివేశం వస్తే, వాళ్లు ఎవరి పేరు చెబుతారో, ఎంతసేపు మాట్లాడతారో, ఆట ఎక్కడ ఆపేస్తారో ఇక్కడ ఆడి చూసినవాళ్లే రాయగలరు. రాస్తే అది థార్నీ గేమ్స్‌కు కూడా కొత్త సమాచారమవుతుంది. అందుకు కావలసింది ఒక ప్రతి, ముగ్గురు నుంచి ఐదుగురు మనుషులు, ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటల తీరిక.